అద్దం మాస్టారు చేసిన అంగిలి

మా బావకి ఆసుపత్రిలో అద్దం మాస్టారని పేరు. ముప్ఫై ఏళ్లుగా కింది అంతస్తులో, సుద్ద దుమ్ము పేరుకున్న గదిలో కట్టుడు పళ్లు చేస్తున్నాడు. పాలిష్ చక్రం మీద ఆయన చేతిలో పడ్డ పళ్ల ప్లేటులో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు. ఆ మాట ఎవరైనా అంటే ఉబ్బితబ్బిబ్బయిపోయేవాడు. రోగుల మొహాలు మాత్రం చూసేవాడు కాదు. వాళ్ల నోరు సుద్ద అచ్చులో తన బల్ల మీదికే వస్తుంది కదా, మనిషితో పనేమిటనేవాడు.

ఆ బింకం ఒక బస్‌స్టాండు అనౌన్సరు వల్ల సడలింది. క్యాన్సరు వచ్చి ఆమె అంగిలి ముందు భాగం, పళ్లతో సహా తీసేశారు. నోటికీ ముక్కుకీ మధ్య కంత మిగిలింది. నీళ్లు తాగితే ముక్కులోంచి వచ్చేవి, మాటంతా ముక్కులోకే పోయేది. ఆ కంతను మూసే పళ్ల ప్లేటు మా బావ చేశాడు. నీళ్లు ఆగాయి గానీ మాట తేటపడలేదు. ప్లేటు రెండుసార్లు వెనక్కి వచ్చింది. రెండుసార్లూ బావ దాన్ని ఇంకాస్త నున్నగా చేసి పైకి పంపాడు. ఆయన మొండితనం మా అక్కకే తెలుసు.

మూడోసారి ఆమే మెట్లు దిగి వచ్చింది. బావకి క్యారేజీ ఇవ్వడానికి వెళ్లి నేనూ అక్కడే ఉన్నాను.

"సోమవారం మా ఆఫీసరు నన్ను మైకు ముందు కూర్చోబెట్టి వింటారంట. బాగోకపోతే పార్సిళ్ల గదికి పంపేస్తారు. పంతొమ్మిదేళ్లు మైకు దగ్గరే ఉన్నానండీ," అంది, ఒక్కో ముక్కా కూడబలుక్కుంటూ.

"ప్లేటులో లోపమేం లేదమ్మా," అన్నాడు బావ.

"మరీ నున్నగా ఉందండీ. నాలుక జారిపోతోంది. మీ పై పళ్ల వెనక నాలుక పెట్టి చూడండి."

బావ పెట్టాడు. నేనూ పెట్టాను. అక్కడ గట్లు గట్లుగా తగిలింది. మాట్లాడేటప్పుడు నాలుక ఆనుకునేది వాటికే. ఆ చోటునే ఇన్నాళ్లూ మా బావ అద్దంలా చేస్తూ వచ్చాడు. ఆయన మొహం మాడిపోయింది. నాకు జాలేసింది, కాస్త సంతోషమూ వేసింది.

ఆమె గట్లు ఆపరేషన్‌లోనే పోయాయి. ఇంకెవరివో కావాలి. బావ నా వైపు తిరిగాడు.

"నోరు తెరువు బామ్మర్దీ. ఎప్పుడూ తెరిచే ఉంటుందిగా."

నా నోటి అచ్చు చూసి ప్లేటు మీద మైనంతో గట్లు దిద్దాడు. మైనం కరిగించి ఆ చోట గట్టి ప్లాస్టిక్కు పోసి గట్లు తయారయ్యాక వాటి మీదికి చక్రాన్ని రానివ్వలేదు. ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఊళ్ల పేర్లు చదివిస్తూ రెండు పూటలు గీకాడు.

సోమవారం ఇద్దరం బస్‌స్టాండులో కూర్చున్నాం. బావ కాళ్లు ఆడిస్తూనే ఉన్నాడు. మైకు గరగరమంది. తర్వాత ఆమె గొంతు వచ్చింది. ఐదో నంబరులో బస్సు సిద్ధంగా ఉందని చెప్పింది.

బావకి కళ్లనీళ్లు తిరిగాయి. చుట్టూ ఎవరూ తలెత్తి చూడలేదు. మా పక్కనున్న ముసలాయన సంచీ భుజాన వేసుకుని ఐదో నంబరు వైపు నడిచాడు. ఆయన వెనకే ఇంకో పదిమంది లేచారు.