సొరతీగకు పోసిన చెంబు

ఇవాళ మనవరాలు అన్నం తిని కొళాయి కింద చేయి కడుగుతుంటే, కాలువలోకి పోయే ఆ నీళ్ళను చూడలేకపోయాను. అరవైల్లో బెళుగుప్ప వైపు బాలవాడికి, అదే పసిపిల్లల బడికి, పోయినవాళ్ళు ఇక్కడెవరైనా ఉన్నారా? మధ్యాహ్నం సంగటి తిన్నాక వెనక తోటలో ఎవరి పాదులో వాళ్ళం చేతులు కడిగేవాళ్ళం, గుర్తుందా? పిండి ఇళ్ళ నుంచి వచ్చేది, పులుసులోకి కాయలు ఆ పాదులే ఇచ్చేవి.

కరువు ఏడు బావి ఎండిపోయింది. తోటలో ఒక్క సొరతీగ మిగిలింది. అమ్మ ఇంట్లో తాగే నీళ్ళు చెంబులో పోసి నా చేతికిచ్చింది.

"తాగను నీళ్ళు యాడుండాయి? తీగకు పంపిస్తాండావా?" అన్నాడు నాయన.

"ఆ తీగ సస్తే పిల్లోళ్ళకు మజ్జానం నువ్వు పెడతావా?" అంది అమ్మ.

బాలవాడిలో టీచరమ్మ నా ఎండిన పెదాలు చూసింది. "తీగకు తరవాత. ముందు నువ్వు తాగు పాపా" అంది. మిగిలింది పిల్లలందరికీ తలా ఒక గుక్క పోసింది. ఖాళీ చెంబును తీగ మొదట్లో బోర్లించి, చివరి చుక్క రాలేదాకా అలాగే పట్టుకుంది.

తీగ ఎండిపోయింది. ఇళ్ళ నుంచి పిండి రావడమూ ఆగిపోయింది. ఆ తర్వాత మధ్యాహ్నం మాకు చేతులు కడుక్కునే పనే లేకుండా పోయింది.