కరెంటుకు ఎగిరిన కాలు

వాల్తేరులో సాయంత్రం అయిదింటికి మెయిలెక్కాను. “బావ కాలు కదిలింది, వచ్చి చూడు” అని ఖరగ్‌పూర్ నుంచి అక్క రాయించిన కార్డు జేబులో ఉంది. బావ అక్కడి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఏడాది కిందట వ్యాగన్ మీంచి పడి వెన్ను విరగ్గొట్టుకున్నాడు. నడుం కింద కదలిక లేదు. అతని మెడలో తాయెత్తులు కడితే తెంపించినవాణ్ణి నేను. కరెంటు వైద్యం చేయించండి, అది సైన్సు, తప్పక లేచి నడుస్తాడని ఉత్తరాల మీద ఉత్తరాలు రాసినవాణ్ణీ నేనే.

మర్నాడు ఏడున్నరకు దిగాను. స్టేషన్ బయట పూరీ కూర తిని రిక్షా ఎక్కితే, అక్కావాళ్ళుండే తాల్‌బగీచాకు అరగంట పట్టింది.

తొమ్మిదింటికి చికిత్స చేసే బెంగాలీ ఆయన పెట్టెతో వచ్చాడు. తడిగుడ్డ చుట్టిన రెండు రేకులు బావ తొడకు ఆనించి మీట తిప్పాడు. కాలు ఎగిరింది.

“సూసినావా తమ్ముడా! తంతాడింక,” అంది అక్క.

“ముందు నిన్నే తంతాను,” అన్నాడు బావ. ఇద్దరూ నవ్వారు.

“దాదా, మీట ఆపి కదపమనండి,” అన్నాను బెంగాలీ ఆయనతో.

ఆయన మీట ఆపాడు. బావ పళ్ళు బిగించాడు. మెడ నరాలు పొంగాయి. కాలు దుంగలా పడి ఉంది.

“కండ బతికే ఉంది. మెదడు పంపే ఆజ్ఞ వెన్ను దగ్గర తెగిపోతోంది,” అన్నాడాయన హిందీలో. “కండ ఎండిపోకూడదని కరెంటు పెడుతున్నాను. నడుస్తాడని నేనెప్పుడూ అనలేదు. అది మీ ఉత్తరాల్లో ఉందని మీ దీదీ చెప్పింది.”

బావకు హిందీ బాగా వచ్చు.

ఆయన వెళ్ళాక అక్క చెప్పింది: పనిముట్లిచ్చే గదిలో కూర్చుని చేసే ఉద్యోగం ఇస్తామని వర్క్‌షాపువాళ్ళు అన్నారట.

“ఇవాళే వెళ్ళి ఒప్పుకుందాం బావా,” అన్నాను.

“ఏటి ఒప్పుకునేది? లేసి నడిసేవోడికి కుర్సీ ఎందుకని మొన్నే వద్దని రాసిచ్చేసినాను. వేరేవోణ్ణి ఏసేసినారు.” గోడవైపు చూస్తూ అన్నాడు: “నీ ఉత్తరం సదివే రాసినాను బామ్మర్దీ.”

రెండింటికి తిరుగు మెయిలెక్కాను. ఆ పెట్టె అబద్ధమాడలేదు, పెట్టె తెచ్చినాయనా ఆడలేదు. స్వామీజీలను ‘రుజువేది?’ అని నిలదీసే నేను, యంత్రాన్ని మాత్రం ఆ ప్రశ్న అడగకుండానే నమ్మాను. ఈ వైద్యానికి వెళ్ళేవారు మీట ఆపాక ఏం మిగులుతుందో మొదటిరోజే అడగండి.

ఎదుటి సీట్లో, పలాస వెళ్తున్న ముసలమ్మ మరమరాలు పెట్టింది. “నువ్వేటి సేస్తావు బాబూ?”

“మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాస్తాను.”

“ఎవురి నమ్మకాలు?”

“ఇన్నాళ్ళూ పక్కవాళ్ళవి,” అన్నాను.