అరిగిన వేళ్ళు

ఆమెకు ముప్పై దాటాయి. ల్యాబులో అందరికీ ఇంకా పాపే.

ల్యాబు అంటే ఒక హాలు, దాని వెనక ఒక సన్నటి గది. దంతవైద్యులు రోగుల నోటి అచ్చులు తీసి ఇక్కడికి పంపుతారు. ఆ అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, మైనంతో చిగుళ్ళు కట్టి, పళ్ళు ఒక్కొక్కటిగా నిలబెట్టి, సెట్టు తయారు చేసి వెనక్కి పంపడం ఇక్కడి పని. హాలు గోడ పొడవునా అరల్లో తెల్లటి దవడలు. కిటికీ అద్దం మీద తెల్లటి దుమ్ము. ఉదయం తుడిస్తే సాయంత్రానికి మళ్ళీ అంతే. సన్నటి గదిలో పాలిష్ మోటారు. మోటారు ముందు ఆమె.

నాన్న, బాబాయి కలిసి పెట్టిన ల్యాబు. నాన్న పోయిన ఏడాది ఆమె చదువు ఆపి ఆయన స్టూలు మీద కూర్చుంది. కొన్నాళ్ళే అన్నారు. ఆ కొన్నాళ్ళు ఎప్పుడు ముగిశాయో ఎవరూ చెప్పలేదు.

ఆమెది మోటారు పక్కన పనిచేసే మనిషి కోపం. అరిచినా అవతలి వాళ్ళకు వినబడదు. అందుకని అరవడం ఎప్పుడో మానేసింది. సెట్టును బ్రష్షుకు కాస్త గట్టిగా అదిమేది, అంతే. ఆమె పాలిష్ చేసిన పళ్ళు అంతగా మెరవడానికి అదే కారణమేమో.

ఒక వీసా సంగతి స్నేహితురాలు ఫోనులో పంపింది. వర్కింగ్ హాలిడే వీసా. సముద్రం అవతల ఒక దేశంలో ఏడాదిపాటు ఉండొచ్చు. తిరగొచ్చు. తిండికీ గదికీ సరిపడా ఏదో ఒక పని చేసుకోవచ్చు. ముప్పై ఒకటో పుట్టినరోజు లోపల అన్నీ పూర్తి కావాలి. ఆ రోజు దాటితే మళ్ళీ ఎప్పటికీ ఇవ్వరు. నిబంధనల్లో ఒకదాన్ని ఆమె పదే పదే చదివింది: ఒకే యజమాని దగ్గర ఆరు నెలలకు మించి పని చేయకూడదు. ఒకే స్టూలు మీద కూర్చుంటే తప్పు పట్టే చట్టం ఒకటి ఉందని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

మొదటిసారి అడిగినప్పుడు బాబాయి, "వచ్చే ఏడాది వెళ్దువుగాని పాపా, ఈ ఏడాది చేతినిండా పని" అన్నాడు. మరుసటి ఏడాదీ అదే మాట. చేతినిండా పని లేని ఏడాదిని ఆ ల్యాబు ఎరగదు.

ఇక ఈసారి అడగలేదు. దరఖాస్తు పెట్టి, తర్వాత చెప్పింది.

"అక్కడికెళ్ళి ఏం చేస్తావు?"

"దొరికిన పని."

"తోటల్లో కోతలకు తీసుకుంటారట. ఇక్కడ పళ్ళు చేసేదానివి, అక్కడికెళ్ళి పళ్ళు కోస్తావన్నమాట."

తన మాటకు తనే నవ్వాడు. అచ్చులు తెచ్చినవాళ్ళకు చెప్పి నవ్వాడు. ఫోను చేసిన ప్రతి డాక్టరుకూ చెప్పాడు. వారమంతా ఆ నవ్వు సన్నటి గదిలోకి వస్తూనే ఉంది. ఆమె మోటారు వేగం పెంచుకుంది.

ఇంట్లో అమ్మ గిన్నెలు తోముతూ, వెనక్కి తిరగకుండా అంది. "బాబాయి ఒక్కడైపోతాడే."

"ఆ గదిలో నేనూ ఒక్కదాన్నేగా ఇన్నాళ్ళూ."

అమ్మ కుళాయి పెద్దగా తిప్పింది.

వేలిముద్రలు ఇవ్వడానికి రమ్మని పిలుపు వచ్చింది. ల్యాబులో పనిచేసే చేతులు సబ్బుతో శుభ్రపడవు. ప్లాస్టర్ గోళ్ళ చుట్టూ బిగుసుకుంటుంది, చిగుళ్ళకు వాడే గులాబీరంగు ముద్ద చర్మంలోకి దిగిపోతుంది. అందుకని అక్కడ అందరూ పళ్ళు మెరిపించే రాతిపొడితోనే చేతులు కడుక్కుంటారు. మోటారు కింది తట్టలో తడిసి ఉన్న పొడిని గుప్పెడు తీసుకుని రుద్దుకోవడమే. నాన్న నేర్పిన పద్ధతి. నాన్నకు ఎవరు నేర్పారో తెలియదు.

ముద్రలకు వెళ్ళే ముందురోజు బాబాయి తట్టలోది వద్దన్నాడు. కొత్త సంచీ విప్పి మెత్తటి పొడి తనే ఆమె అరచేతుల్లో పోశాడు.

"పెద్ద ఆఫీసు. ఆ చేతులు చూస్తే మనింట్లో నీళ్ళు రావనుకుంటారు. బాగా రుద్దుకో."

బాగా రుద్దుకుంది. చాలలేదనిపించి మళ్ళీ రుద్దుకుంది. వేళ్ళు పసిపిల్లల వేళ్ళలా తేలాయి. అమ్మకు చూపించింది కూడా.

ఆఫీసు చల్లగా ఉంది. మిషను దగ్గర కూర్చున్న అమ్మాయి వేళ్ళు అద్దం మీద పెట్టమంది. ఎర్రదీపం వెలిగింది. తడి కాగితంతో తుడిచి పెట్టమంది. ఎర్రదీపం. ఏదో క్రీము రాసి, చెయ్యి మీద చెయ్యి వేసి తనే నొక్కింది. ఎర్రదీపం.

"మేడం, మీరేం పని చేస్తారు?"

"పళ్ళు చేస్తాను. కట్టుడు పళ్ళు."

"అవి మనుషులు చేస్తారా?"

"ఇంకెవరు చేస్తారనుకున్నారు?"

అమ్మాయి సూపర్వైజరును పిలిచింది. ఆయన ఆమె వేళ్ళను దీపం కిందకు తిప్పి చూశాడు. "గీతలే లేవు. అరగదీసుకున్నారు" అన్నాడు. చర్మం మళ్ళీ వస్తుందని, అందాకా గరుకు పనేదీ ముట్టుకోవద్దని చెప్పాడు. ఆమె పుట్టినరోజుకు ముందు ఒక్క తేదీ ఖాళీగా ఉంది, దాదాపు మూడు వారాల తర్వాత. అది రాసిచ్చాడు. "అప్పుడూ పడకపోతే ఫైలు మూసేస్తారమ్మా. మా చేతుల్లో ఏమీ ఉండదు."

తిరుగు బస్సులో ఆమె వేళ్ళు చూసుకుంటూ కూర్చుంది. నున్నగా ఉన్నాయి. ఎవరివో అన్నట్టున్నాయి. ముందు సీటు కమ్మీ పట్టుకుంటే జారుతున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది. పోయిన చలికాలం బాబాయి బ్యాంకు నుంచి చిరాకుగా వచ్చాడు. మిషను మీద ఆయన బొటనవేలు పడలేదు, సంతకాల కోసం నాలుగు బల్లల చుట్టూ తిప్పారు. ల్యాబులో టీ తాగుతూ తన వేలు అందరికీ చూపించాడు. రాతిపొడి తన వేళ్ళను తినేసిందని ఆయన నోటితోనే అన్నాడు.

ఆమె ఇంటి దగ్గర దిగలేదు. ల్యాబు దాకా వెళ్ళింది.

బాబాయి మైనం కరగబెడుతున్నాడు. "అయిపోయిందా?" అన్నాడు.

"ముద్రలు పడలేదు."

ఆయన దీపం తగ్గించాడు.

"నీకూ పడలేదుగా, బ్యాంకులో."

"పడలేదు."

"రాతిపొడి వల్లేనని నువ్వే చెప్పావు."

"గుర్తు రాలేదు పాపా."

"గుర్తు రాలేదా, గుర్తు చేసుకోలేదా?"

బాబాయి కూర్చున్నాడు. మైనం అంచుల నుంచి గట్టిపడుతోంది.

"సంచీ విప్పినప్పుడు గుర్తు లేదు" అన్నాడు. "నీ చేతుల్లో పోస్తుంటే వచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకోలేదు."

ఆమె అరిచింది. మోటారు ఆగి ఉంది కాబట్టి ఈసారి వినబడింది.

"స్టూలు మీద కూర్చోమన్నారు, కూర్చున్నాను. వచ్చే ఏడాది అన్నావు, ఆగాను. మళ్ళీ అన్నావు, మళ్ళీ ఆగాను. నాకంటూ ఒక్క ఏడాది మిగిలితే దాన్ని కూడా నా చేతులతో నన్నే చెరిపేసుకోమన్నావు. బాగా రుద్దుకో అన్నావు చూడు బాబాయ్, ఆ మాట నీకెలా వచ్చింది?"

"నువ్వు లేకపోతే ఇది నడవదు."

"అయితే ఆగిపోనీ."

మర్నాడు ఆమె ఎప్పటిలాగే ల్యాబుకు వచ్చింది. స్టూలు హాల్లోకి లాగి, బాబాయి బల్లకు ఎదురుగా వేసుకుంది. చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుంది. ఇంట్లో ఉండొచ్చు. కానీ తను కూర్చోవడం ఆయన చూడాలి. ఫోను మోగితే మాట్లాడేది. ఏ అచ్చు ఏ డాక్టరుదో నోటితో చెప్పేది. దేన్నీ ముట్టుకోలేదు.

"గ్లౌజులు వేసుకుని చెయ్యొచ్చుగా" అన్నాడు బాబాయి రెండో రోజు.

"మోటారు గ్లౌజు లాక్కుంటే వేలే ఉండదు, ముద్ర సంగతి తర్వాత. నాకు నేర్పింది నువ్వే."

ఆయన మోటారు ముందు కూర్చుని చాలా ఏళ్ళయింది. కళ్ళు ఆనడం లేదు. చెయ్యి వణుకుతోంది. అరల్లో పని పేరుకుంది. రెండు సెట్లు డాక్టర్ల దగ్గర నుంచి తిరిగొచ్చాయి. అమ్మ సాయంత్రాలు ఆమె వేళ్ళకు నూనె రాసేది. వెళ్ళొద్దన్న అమ్మే ఆమెను గిన్నెల దగ్గరకు రానివ్వలేదు. ఎందుకో అడిగితే, "నోరు మూసుకుని చెయ్యి ఇలా ఇయ్యి" అంది.

ఆ వీధి చివర ఇల్లు కండక్టరు గారిది. ఎప్పుడో రిటైరయ్యాడు. ఆయన పాత సెట్టు ఆమె చేసిందే. కింది దవడది విరిగితే ఈసారి బాబాయి చేశాడు. మూడో రోజుకే ఆయన చెంప పట్టుకుని వచ్చాడు.

"పాపా, మీ బాబాయి నా నోట్లో గడప కట్టాడమ్మా. నాలుక దాటినప్పుడల్లా తట్టుకుని పడుతోంది."

పళ్ళు తీసి రుమాల్లో పెట్టి ఆమె ముందుకు చాపాడు. అంచు ఎక్కడ ఎక్కువుందో ఆమెకు చూడగానే కనబడింది.

"మోటారు మీద ఒక్కసారి ఇలా పెట్టి అలా తియ్యి. నీకదెంత పని."

"నేను చెయ్యను, కండక్టరు గారూ."

"ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది. చెయ్యగలను. చెయ్యను."

ఆ హాల్లో ఆ మాట అనడం ఆమెకు అదే మొదలు. పెద్దాయన రుమాలు వెనక్కి తీసుకోవాలో వద్దో తెలియక అలాగే పట్టుకున్నాడు. పళ్ళు లేని ఆయన మొహం మడత పెట్టినట్టుంది.

"ఆయన తిండి తినలేకపోతున్నాడు" అన్నాడు బాబాయి.

"నాకు తెలుసు."

"నా మీద కోపం ఆయన మీద చూపిస్తావా?"

"చూపించట్లేదు. నువ్వు చెయ్యి. ఎడమ పక్క, నాలుక వైపు అంచు. కొంచెమే తియ్యి."

ఆయన కొంచెమే తియ్యాలనుకున్నాడు. చెయ్యి జారింది. అంచు తీసెయ్యవలసినదానికంటే లోతుగా పోయింది. ఇప్పుడు సెట్టు దవడ మీద నిలవలేదు. మాట్లాడితే లేచిపోతోంది. కండక్టరు గారు దాన్ని రుమాల్లో చుట్టి జేబులో వేసుకుని, "పోన్లే, మాట్లాడకుండా ఉంటాను, మా ఆవిడ సంతోషిస్తుంది" అని నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

కిటికీ దుమ్ములోంచి ఆయన వీపు కనబడినంతసేపూ ఆమె చూసింది. చేతులు లేచిపోతాయేమోనని తొడల కింద పెట్టుకుంది. కోపం ఇప్పుడు ఎవరి మీదో చెప్పడం కష్టమైంది. బాబాయి మీద. ముద్ర లేకపోతే మనిషి కాదనే మిషను మీద. తిండికి అంతగా పళ్ళు కావాల్సిన ఆ ముసలాయన మీద కూడా. ఒక్క ఏడాది కోసం ఒకరిని పస్తు పెట్టాల్సి వచ్చిందనే కోపం అన్నిటికంటే పెద్దది. దాన్ని పెట్టుకోవడానికి చోటు లేదు.

రాసిచ్చిన రోజు ఆఫీసులో అదే అమ్మాయి, అదే అద్దం. కుడిచేతి నాలుగు వేళ్ళు పడ్డాయి. ఎడమచేతివీ పడ్డాయి. కుడి బొటనవేలి దగ్గర ఎర్రదీపం. మళ్ళీ ఎర్రదీపం. సూపర్వైజరు వచ్చాడు. వేలి మీద నోటి ఆవిరి ఊది పెట్టమన్నాడు. ఆమె ఊదింది. పచ్చదీపం వెలిగింది.

అమ్మాయి నవ్వింది. ఆమెకు నవ్వు రాలేదు. ఇంత చిన్న దీపానికా ఇదంతా అనుకుంది. థాంక్స్ చెప్పి లేచింది.

బస్సు దిగి నేరుగా కండక్టరు గారింటికి వెళ్ళి రుమాలు అడిగి తీసుకుంది. ల్యాబులో స్టూలును సన్నటి గదిలోకి ఈడ్చుకుంది. పోయిన అంచును కొత్త ముద్దతో కట్టింది, గట్టిపడేలా ఉడకబెట్టింది, అరగదీసింది, మోటారు వేసింది. పొడి ఎగిరి ముంజేతుల మీద పడింది. మెత్తటి వేళ్ళకు పొడి గుచ్చుకుంటోంది. ఆపలేదు.

బాబాయి గుమ్మంలో నిలబడ్డాడు. మోటారు ఆగేదాకా ఆగాడు.

"పడ్డాయా?"

"పడ్డాయి."

"కోపం పోయిందా?"

"పోలేదు. ఆయన నోటికీ దీనికీ సంబంధం లేదు."

వీసా కాగితం ఫోనులోకే వచ్చింది, పుట్టినరోజుకు కాస్త ముందు. అమ్మ రెండుసార్లు చదివించుకుంది. బాబాయి మోటారు పని తెలిసిన మనిషి కావాలని తెలిసిన ల్యాబులన్నిటికీ కబురు పెట్టాడు. వచ్చిన ఆవిడకు ఆమె వారంపాటు దగ్గరుండి చూపించింది. ఆవిడ పని ఫరవాలేదు. కాస్త నెమ్మది.

ఆఖరి రోజు బాబాయి ఒక అచ్చును చేతిలో ఊరికే తిప్పుతూ అడిగాడు.

"తిరిగొస్తావుగా?"

"ఏడాదికి మించి ఉండనివ్వరు."

"నేనడిగింది అది కాదు."

"నేను చెప్పేది అదే బాబాయ్."

ఆయన అచ్చును అరలో పెట్టాడు. ఆమె సంచీ భుజానికి తగిలించుకుని బయటికి నడిచింది. వెనక నుంచి పాపా అని పిలిచాడు. వినబడింది. ఆగలేదు.