దొరసానమ్మకు బొట్టు

ఆ రోజుల్లో మాలాంటి చిన్న ఉద్యోగులకు సొంత ఇష్టాలంటూ ఉండేవి కావు. పైవాడివే వాడుకునేవాళ్ళం. పైవాడికి క్రికెట్ పిచ్చి ఉంటే మేము దారిన పోయేవాళ్ళను ఆపి స్కోరు అడిగేవాళ్ళం. పైవాడు ఏకాదశి ఉపవాసం ఉంటే మాకూ ఆకలి వేసేది కాదు (క్యాంటీన్ వెనకవైపు తలుపు తెరిచేవరకు). నా ఖర్మకొద్దీ నాకు దొరికిన పైవాడికి క్రికెట్టూ లేదు, ఏకాదశీ లేదు. ఆయనకు ఇంగ్లీషు పాటలంటే ప్రాణం. అవి కూడా కుర్రకారు గంతులేసే పాటలు కావు. మా తాతలు గోచీలు పెట్టుకుని మడి దున్నుకునే కాలంలో, అమెరికాలో ఒకావిడ పియానో పక్కన నిలబడి తీరిగ్గా పాడిన పాటలు.

బంగారుపాళ్యం దగ్గర హైవే పక్కన ఉండేది మా మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. నేను ల్యాబులో టెంపరరీ. చెంచాడు గుజ్జు తీసుకుని తీపి ఎంత, పులుపు ఎంత అని చూసి రాయడం నా పని. మామిడి సీజన్ అయిపోయినా టెంపరరీలను దసరా దాకా ఉంచుకుని, ఆ తరువాత ఒకరిద్దరిని మాత్రం పర్మినెంటు చేసి మిగతావాళ్ళను ఇంటికి పంపేవాళ్ళు. ఆ ఒకరిద్దరిలో నేను ఉండి తీరాలి. ఎందుకంటే వడమాలపేటలో మా నాయన, బస్సు దిగిన ప్రతి మనిషికీ మావాడిది పర్మినెంటు ఉద్యోగమని అప్పటికే చెప్పేసి ఉన్నాడు. ఫోన్ చేస్తే ఒకటే మాట: "రేయ్, నేను ఊర్లో తలెత్తుకోని తిరగతా ఉండా. దసరా అయినాక నువ్వు సంచీ పట్టుకోని దిగితే, ఈ తలకాయ యాడ పెట్టుకోవాల నేను?"

ఆ తలకాయ పెద్దసారు చేతిలో ఉండేది. పెద్దసారు అంటే మా ఫ్యాక్టరీ మేనేజరు. ప్రతి శనివారం సాయంత్రం తన క్వార్టర్స్‌లో మమ్మల్ని కూర్చోబెట్టి రికార్డు పెట్టేవారు. ఫోన్లో ఏ పాటైనా దొరికే రోజులే అవి. కానీ ఫోన్లో వినేవాడిని ఆయన మనిషిగా లెక్కించేవారు కాదు. నల్లటి పళ్ళెం లాంటి రికార్డు, దానిమీద ముల్లు, గదిలో ఒక మూల చిన్న దీపం, మిగతా లైట్లన్నీ ఆర్పేయాలి. కళ్ళజోడు కూడా తీసేసేవారు. "వినేటప్పుడు కళ్ళు అడ్డం," అనేవారు. పాటకు ముందు ఉపన్యాసం తప్పదు. "ఈ పాటలు ఆమె సొంతం కాదు. పాతవి, అందరూ పాడినవే. మన కీర్తనలను ప్రతి విద్వాంసుడూ పాడడంలా? అట్లాగే. ఎవరి నోట్లో పడితే ఎట్లా పండుతుందో, అదీ చూడాలి." పండటం గురించి మామిడి ఫ్యాక్టరీలో ఎవరూ కాదనలేరు కాబట్టి అందరం తలలూపేవాళ్ళం.

నిజం చెప్పాలంటే నాకు మొదట్లో ఏమీ అర్థం కాలేదు. ఆవిడ నిద్రమత్తులో ఎవరితోనో మాట్లాడుతున్నట్టు ఉండేది. వెనక వాయించేవాళ్ళు తాళం కొట్టి ముందుకు పోతారు, ఈవిడ మాత్రం ఆ తాళం దాటిపోయాక నింపాదిగా వచ్చి మాట అంటుంది. నా పక్కన కూర్చునే మేస్త్రి మామ (మా నాయన వయసువాడు, ఫ్యాక్టరీలో మిషన్లన్నీ ఆయన చేతి కింద ఉండేవి) మొదటి రోజే నా చెవిలో ఊదాడు. "ఈయమ్మ ఎప్పుడూ ఒక అడుగు ఎనకాలే వస్తాదేందప్పా, మా మనవడు ఇస్కూలుకు పోయినట్టు?" ఫ్యాక్టరీ అంతా ఆవిడను దొరసానమ్మ అనేవాళ్ళు. నేను మాత్రం సారు ఎదుట ఆవిడ పేరుకు ముందు 'మేడమ్' చేర్చేవాణ్ణి. పాట సగంలో 'ఆహా' అనడం, పాట అయ్యాక కాసేపు మాట పెగలనట్టు కూర్చోవడం, ఆ తరువాత 'గొంతులో ఏదో తెలియని వెలితి ఉంది సార్' అనడం, ఇవన్నీ ల్యాబు పనికన్నా శ్రద్ధగా నేర్చుకున్నాను. ఎవరికి వెలితి ఉందో, ఏం వెలితో నాకు తెలియదు. సారు మాత్రం ప్రతిసారీ మురిసిపోయి, "నీకు చెవి ఉందయ్యా," అనేవారు. ఆ చెవి పట్టుకునే పర్మినెంటు గట్టెక్కాలని నా ప్లాను.

అంతలో దసరా వచ్చింది. ఆయుధపూజకు మద్రాసు నుంచి మొదలాళి, అంటే ఫ్యాక్టరీ యజమాని, స్వయంగా వస్తున్నారు. పర్మినెంటు కాగితం మీద సంతకం పెట్టేది ఆయనే. ఆయన డిసెంబరు నెలంతా సభలకు పోయి కచేరీలు వినే మనిషని తెలిసి, పెద్దసారు సాయంత్రం తన ఇంట్లో దొరసానమ్మ పాట ఏర్పాటు చేశారు. దానికోసం బొంబాయి నుంచి కొత్త రికార్డు తెప్పించి, పొద్దున్నే మిషను మీద ఎక్కించి, పైన గుడ్డ కప్పి ఉంచారు. ఇంకోపక్క నోటీసు బోర్డు మీద ఆయన సంతకంతో ఒక కాగితం: ఫ్యాక్టరీ ఆవరణలో తిరిగే మిషను ఏదీ పూజ తప్పిపోకూడదు. పోయినేడు ఒక మోటారు తప్పిపోయి, ఆ మోటారే సీజన్ మధ్యలో కాలిపోయిందని ఆయన నమ్మకం. (పాశ్చాత్య సంగీతం వేరు, మోటారు వేరు.)

మేస్త్రి మామ ఆ కాగితాన్ని వేదంలా పాటించాడు. గంధం గిన్నె, కుంకుమ గిన్నె పట్టుకుని పొద్దున్నుంచీ బాయిలరు, పంపులు, సారు కారు నాలుగు చక్రాలు, క్యాంటీన్‌లో రుబ్బే గ్రైండరు, ఆఫీసులో ఫ్యాన్లు, ఏదీ వదలకుండా బొట్లు పెట్టుకుంటూ పోయాడు. నేను గేటు దగ్గర బూడిద గుమ్మడికాయ కొట్టే పనిలో ఉన్నాను. ఆయన సారు క్వార్టర్స్‌లోకి కూడా పోయాడన్న సంగతి నాకు తెలియదు.

సాయంత్రం అందరం చేరాం. మొదలాళి సోఫాలో మఠం వేసుకుని కూర్చున్నారు. వంటింట్లో సారు భార్య (మేము సారమ్మ అనేవాళ్ళం) గుగ్గిళ్ళు తాలింపు వేస్తోంది. లైట్లు ఆరాయి. పెద్దసారు కళ్ళజోడు తీసి, "అయ్యా, ఈ పాట నేను కాలేజీ రోజుల నుంచీ వింటున్నాను. ప్రతి మూలా తెలుసు," అని ముల్లు దించారు.

మొదట బాగానే నడిచింది. పియానో, దాని వెనక తీగల వాద్యం, ఆ తరువాత తీరిగ్గా దొరసానమ్మ. మొదలాళి తొడమీద తాళం వేయడం మొదలుపెట్టారు. పాట మధ్యలో ఒక చోట 'నువ్వు రాకపోతే' అనే అర్థం వచ్చే మాట అన్నది. వెంటనే మళ్ళీ అదే అన్నది. మళ్ళీ అదే. మొదలాళి కళ్ళు మూసుకుని, "శభాష్!" అన్నారు. మన కచేరీల్లో ఒక్క వాక్యాన్నే పట్టుకుని పదిరకాలుగా పాడతారు కదా, ఆయన ఆ లెక్కలోకి పోయారు. పెద్దసారు ఒక్క క్షణం తడబడి, వెంటనే సర్దుకున్నారు. "ఇదేనయ్యా ఈమె ప్రత్యేకత! మాట అదే, భావం వేరు." దొరసానమ్మ మాత్రం ఇంకా 'నువ్వు రాకపోతే' దగ్గరే ఉంది.

అప్పుడు చూశాను నేను. చిన్న దీపం వెలుగులో, తిరిగే రికార్డు మీద ఎర్రగా ఒక బొట్టు, దాని చుట్టూ ఎండిన గంధం. చుట్టూ తిరిగి వస్తోంది, పోతోంది. మేస్త్రి మామ వైపు చూస్తే, ఆయన రెండు చేతులూ జోడించి భక్తిగా కూర్చున్నాడు. చెబితే, కాలేజీ రోజుల నుంచీ వింటున్న మనిషి పరువు మొదలాళి ఎదుట పోతుంది, దాంతోపాటు మా నాయన తలకాయ కూడా. అంతలో సారు నావైపు తిరిగారు. "మావాడికి మంచి చెవి. చెప్పవయ్యా, ఈ సారి ఏం భావం?"

"విరహం సార్," అన్నాను. ఆవిడ మళ్ళీ అన్నది. "ఇప్పుడు కొంచెం కోపం." మళ్ళీ అన్నది. "కోపం పోయి జాలి వచ్చింది సార్." మొదలాళి, "అవునప్పా, జాలి, జాలి," అని తల ఊపారు. నాకు ఊపు వచ్చింది. నిందాస్తుతి అన్నాను, వైరాగ్యం అన్నాను, చివరికి జీవాత్మ పరమాత్మను పిలుస్తోందని కూడా అనేశాను. అలవాటైన అబద్ధం కదా, నోట్లో నీళ్ళు ఊరినట్టు ఊరుతోంది. అందరికీ అర్థమవుతోంది, ఒక్క దొరసానమ్మే ముందుకు కదలడం లేదు.

సారమ్మ గుగ్గిళ్ళ గిన్నెతో వంటింట్లోనుంచి వచ్చింది. "ఏమండీ, ఆయమ్మి ఎంతసేపని ఆడే నిలబడుకోనుంటాది? ముల్లు ఇరుక్కునుండాది, సూడండి ఒకసారి!" అని లైటు వేసింది. రికార్డు మీద నిండుగా, ముత్తైదువ నుదుటి మీద ఉన్నట్టు, బొట్టు.

పెద్దసారు ఇంగ్లీషు, పుస్తకాల తెలుగు రెండూ వదిలేసి అచ్చం చిత్తూరు మనిషైపోయారు. "ఎవుడ్రా ఈ పని సేసినోడు?"

మేస్త్రి మామ లేచి నిలబడ్డాడు, ముఖంలో తప్పు చేసిన జాడే లేదు. "నేనే సార్. మీరే గదా, తిరిగేది ఏదీ వదలొద్దని బోర్డులో ఏసినారు? పెట్టె తిరగదు, అందుకని దానికి పెట్టలా. తిరిగేది ఇదే గదా, దీనికి పెట్టినా."

మొదలాళి నవ్వడం మొదలుపెట్టారు. పొట్ట పట్టుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. పెద్దసారు కళ్ళజోడు వెతుక్కుంటున్నారు. నేను మనసులో వడమాలపేట బస్సు ఎక్కేశాను. నవ్వు ఆగాక మొదలాళి నన్ను దగ్గరికి పిలిచారు. "తంబీ, ముల్లు ఇరుక్కుంటే జీవాత్మ పరమాత్మ దాకా పోయినావే! నిన్ను ల్యాబులో పెట్టింది ఎవరప్పా? మన పులుపు సరుకు కొనేవాళ్ళకి ఇట్లా నాలుగు భావాలు సెప్పు, సాలు. అమ్మకాల్లో ఎయ్యండి వీణ్ని. పర్మినెంటు!"

నాయన తలకాయ నిలబడింది. అది మెప్పో, తిట్టో అప్పట్లో ఆలోచించలేదు, ఆలోచించే తీరికా లేదు. ఊరికి ఫోన్ చేస్తే నాయన, "నాకు ముందే తెలుసురా, నేను సెప్పలా?" అన్నాడు. పెద్దసారు మరునాడే కొత్త కాగితం అంటించారు: తిరిగేదంతా మిషను కాదు. శనివారాలు మాత్రం ఆగలేదు. కాకపోతే 'ఏం భావం' అని నన్ను అడగడం మానేశారు.

అప్పటినుంచీ నేను అమ్ముతూనే ఉన్నాను. పులుపును 'చురుకు' అన్నాను, పలచనను 'లేత' అన్నాను. బాగానే బతికాను. మొన్న కాణిపాకం పోయి కారులో తిరిగి వస్తుంటే, ఫోన్ దానంతటదే పాత పాటలు వేసుకుంటూ పోయి ఆ పాట దగ్గరికి వచ్చింది. పెద్దసారు క్వార్టర్స్‌లో అంతా విన్నానని చెప్పుకున్న పాటే, కానీ ఆ బొట్టు దాటి అవతల ఏముందో నేను ఒక్కసారీ వినలేదు. 'నువ్వు రాకపోతే' అన్నది. మళ్ళీ అదే అంటుందని ఎదురుచూశాను, నోట్లోకి 'ఆహా' కూడా వచ్చేసింది. ఆవిడ తాళాన్ని పోనిచ్చి, దాని వెనకాలే మెల్లగా వచ్చి, ఈ ఒక్క మాట అన్నది: నువ్వు రాకపోతే, తలుపు తీసే ఉంచుతాను. అంతే. విరహం లేదు, వైరాగ్యం లేదు, పరమాత్మ అసలే లేడు. ఒక ఆడమనిషి తలుపు తీసి పెడతానంటోంది. కారు పక్కకు తీసి ఆపాను.

"ఏముండాదని ఆ పాటలో, కళ్ళు తుడుచుకుంటా ఉండారు?" అంది మా ఆవిడ.

అలవాటు కొద్దీ నోరు తెరిచాను. వెలితి, గమకం, జీవాత్మ అన్నీ నాలుక మీదికి వచ్చి వరసగా నిలబడ్డాయి. అన్నిటినీ వెనక్కి పంపించి, "తెలీదు. బాగుండాది," అన్నాను.

"అయితే ఇంగోసారి పెట్టండి," అంది.

పెట్టాను. పాట వస్తున్నంతసేపూ, ఆ చీకటి గదిలో సన్న మీసాలతో వెన్ను నిటారుగా పెట్టుకుని, 'ఆహా' ఎప్పుడు అనాలా అని కాచుకుని కూర్చున్న కుర్రవాడే కనిపిస్తూ ఉన్నాడు. పాపం, పాట తప్ప అన్నీ విన్నాడు. వాడి భుజం మీద చెయ్యేసి, ఊరికే వినొచ్చురా, ఎవురూ ఏమీ అడగరు అని చెప్పాలనిపించింది. చెప్పినా వినేవాడు కాదు, వాడికి దసరా దగ్గరపడుతోంది.