అన్నకు పెట్టిన నీళ్లు

నీరజ ఎవరింటికి వెళ్లినా మనుషుల్ని పలకరించకముందే కూలర్ అడుగున, పూలకుండీ కింద చెయ్యిపెట్టి తడి చూస్తుంది. సూరత్‌లో దోమలు మోసే వైరస్‌ల జన్యువులు చదివే ప్రయోగశాలలో ఆమె ఉద్యోగం. ఏ జ్వరం ఏ పేట నుంచి ఏ పేటకు నడిచిందో ఆమెకు తెరమీద చెట్టుకొమ్మల్లా కనిపిస్తుంది. పాండేసర రంగుల మిల్లులో పనిచేసే అన్న రవీంద్ర నిరుడు డెంగీతో పోయాడు. అతని నెత్తురూ ఆ ప్రయోగశాలకే వచ్చింది. అందులోని వైరస్‌కు అంతవరకూ ఎక్కడా చూడని చిన్న మార్పు ఒకటి ఉంది. ఈ వానల్లో అదే మార్పు ముందు పక్కనున్న ఆల్థాన్ పేటలో, నిన్న కోసాడ్ పేటలో బయటపడింది. కోసాడ్‌లో వదిన కోమలి, పసిబిడ్డ ఉంటారు. అన్నే ఇల్లు వెతుక్కుంటూ వస్తున్నట్టు అనిపించింది నీరజకు.

పొద్దున్నే వెళ్లి, అన్నను తీసుకుపోయిన జ్వరమే ఈ పేటకొచ్చిందని చెప్పి, వదిన ఇంట్లో నీళ్ల డ్రమ్ములన్నీ బోర్లించింది. అన్న ఫొటో ముందున్న గ్లాసు తీయబోతే కోమలి చెయ్యి పట్టుకుంది.

"గా నీళ్లు మీ అన్న దాహానికి, ముట్టకు. దినాం జర తగ్గుతున్నయ్, సూడు. తాగుతుండు."

గ్లాసులో దోమపురుగులు మెలికలు తిరుగుతున్నాయి.

"తాగుతలేడు వదినా," అంది నీరజ ఆ పురుగుల్ని చూపిస్తూ. "పెరుగుతుండు."

కోమలి వంగి ఆ నీళ్లలోకి చూసింది. తర్వాత బిడ్డను చంకనెత్తుకుని, గ్లాసు తనే తీసుకెళ్లి ఎండపడే మెట్టుమీద పారబోసింది. తడి ఆరేదాకా ఇద్దరూ అక్కడే నిలబడ్డారు.