ఎదురు తిప్పించిన ఏసీ

మే నెలలో ఒక పడకగదిని కుంపటిగా మార్చి, మర్నాడు అందులోనే వాన కురిపించిన ఘనత ఫిలింనగర్‌లో నా ఒక్కదానికే ఉంది. నేను ఇంజనీరును కాను. జూబ్లీహిల్స్ నిర్మాత ఒకరి గెస్ట్‌హౌసుకు మేనేజరును. నా దగ్గర ఒక థర్మామీటరు, గళ్ళు గీసిన ఒక నోటుపుస్తకం ఉండేవి. తేదీ, పరీక్షించినది, లోపం, సంతకం. దేవుడు ప్రత్యక్షమైనా ముందు తేదీ వేసుకునేదాన్ని.

1991 మే 6, సోమవారం. మర్నాడు మద్రాసు నుంచి కెమెరామన్‌గారు దిగుతున్నారు. జనవరి నుంచి తాళం వేసి ఉన్న గది తెరిచి, నిర్మాతగారు నిరుడు ఢిల్లీ నుంచి తెప్పించి పెట్టించిన కిటికీ ఏసీ వేశాను. అరగంటలో గది ముప్పై ఒకటి నుంచి ముప్పై ఏడుకు ఎక్కింది. ఇంటి వెనక్కి వెళ్ళి చూస్తే ఏసీ వీపు చల్లగా ఉంది, నీళ్ళు కారుతున్నాయి.

నాకంతా అర్థమైపోయింది. చప్పున అర్థమైపోవడం నాకున్న జబ్బు. దాన్ని బిగించిన మెకానిక్ యాదగిరిని బోరబండ నుంచి పిలిపించాను. చుట్టుపక్కల పదకొండు ఇళ్ళ ఏసీలు చూసేవాడతను. అదే అతని బతుకుతెరువు.

"ముందూ వెనకా చూడకుండా బిగించావా? చల్లగాలి పెరటికీ, వేడిగాలి మాకూనా?"

"గట్లెందుకైతదమ్మా? జర గుండీలు జూడనియ్యుండ్రి."

"ముట్టుకోకు. ముట్టుకున్నది చాలు."

"ముట్టకుంట సూడనీకి గిది జాతకమా అమ్మా?"

"అటుది ఇటు తిప్పు."

"తిప్పితే గుండీలు బయటికి పోతయి."

"పోనీ."

"నేనైతే తిప్ప," అని వెళ్ళిపోయాడు.

వడ్రంగిని పెట్టి తిప్పించాను. గది ఇరవై ఏడుకు దిగింది. 'లోపం: యాదగిరి' అని రాసి సంతకం చేశాను. అంతటితో ఆగానా? పదకొండు ఇళ్ళకూ ఫోను చేసి, అతనికి పని రాదని చెప్పాను.

మర్నాడు భోంచేసి పడుకున్న కెమెరామన్‌గారు తడిసిన జుట్టుతో బయటికి వచ్చారు.

"మేడం, గదిలో వాన పడుతోందండీ. పాట తీయడానికి బాగుంటుంది గానీ, పడుకోవడానికి కష్టం."

ఏసీ వీపు మంచం మీదికి వంగి లారీలా గర్జిస్తూ, దిండు మీద ధార కడుతోంది. ఆయన పెరట్లో స్టూలేసుకుని గుండీలు చూసి నవ్వారు.

"దీన్ని ఎర్ర గుర్తు మీద ఎవరు పెట్టారండీ? ఇది రెండు విధాలా పనిచేసే మిషను. ఎండాకాలం గదిలోని వేడిని బయటికి తోస్తుంది, చలికాలం బయటి వేడిని లోపలికి లాగుతుంది. ఢిల్లీలో మా ఇంట్లో ఉండేది. నీలం గుర్తుకు తిప్పితే సరిపోయేది."

ఎవరు పెట్టారు? యాదగిరిని పట్టిద్దామని నోటుపుస్తకం తీశాను. జనవరి 9: 'అతిథి చలికి వణికినందున గుండీ ఎర్ర గుర్తుకు తిప్పడమైనది. గది వెచ్చబడినది. లోపం: లేదు.' కింద ముత్యాల్లాంటి నా సంతకం.

తప్పు నాదేనని మళ్ళీ పదకొండు ఫోనులు చేశాను. మొదటిసారి వెంటనే నమ్మినవాళ్ళే ఈసారి "చూద్దాం లెండి" అన్నారు. అతన్ని తిరిగి పనికి పిలిచినవి రెండిళ్ళే.

కబురు పంపితే యాదగిరి వచ్చాడు. ఏసీని సరిగా తిప్పి బిగించి, గుండీ నీలానికి పెట్టాడు. నేను నోటుపుస్తకం చాపాను.

"లోపం గడిలో ఏం రాయాలో నువ్వే చెప్పు, యాదగిరీ."

"మిషన్ల ఏ లోపం లేదమ్మా. ఉన్నదాన్ని రాయనీకి గీ గడి సాలదు."

ఆ గడి నేటికీ ఖాళీగానే ఉంది. అందుచేత, ఆ థర్మామీటరు మీద ఒట్టేసి చెబుతున్నాను: ఇక ముందు ఏ యంత్రాన్ని పరీక్షించినా, గుండీని ముట్టుకుని చూస్తాను. ఫోనును మాత్రం ముట్టుకోను.