పి.పి. నంబరుకు రాని ఫోను

దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా నా ముందు మొదలుపెడితే ఊరుకునే రకం కాదు నేను. ఎప్పుడు చూశావు, ఎంత దూరం నుంచి చూశావు, నీతో ఇంకెవరున్నారు అని అడుగుతాను. మూడో ప్రశ్నకి ఎదుటివాళ్ళు లేచి వెళ్ళిపోతారు. డిగ్రీలో కెమిస్ట్రీ చదివాను. పద్దెనిమిదేళ్ళుగా రెవెన్యూ ఆఫీసులో ఫైళ్ళ మధ్య బతుకుతున్నాను. కాగితం చూపించందే కన్నతల్లి మాట కూడా నమ్మదని ఇంట్లో నా మీద ఒక ఫిర్యాదు ఉంది.

అలాంటి నేను ఇది రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను. నమ్మమని అడగను. మీ స్థానంలో ఉంటే నేనూ నమ్మను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. మా ఇల్లు హిందూపురంలో. మా అక్క సరళ పెనుకొండలో టీచరు. రెండు కిడ్నీలూ చెడిపోయాయని తెలిశాక సెలవు పెట్టి మా ఇంటికి వచ్చేసింది. బావ అంతకు ముందే పోయాడు, పిల్లలు లేరు. వారానికి రెండుసార్లు రైల్లో బెంగళూరు తీసుకెళ్ళి డయాలసిస్ చేయించేదాన్ని. నా కిడ్నీ ఇస్తానన్నాను. అక్కది ఓ గ్రూపు, నాది బి. కుదరదన్నారు. దాని మీద కూడా డాక్టరుతో అరగంట వాదించాను, వాదిస్తే రక్తం గ్రూపు మారుతుందన్నట్టు.

ఇక మిగిలింది వెయిటింగ్ లిస్టు. బ్రెయిన్ డెడ్ అయిన మనిషి తాలూకు వాళ్ళు ఒప్పుకుంటే ఆ కిడ్నీ లిస్టులో ఉన్నవాళ్ళకిస్తారు. ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. ఫోను వచ్చిన నాలుగు గంటల్లో ఆసుపత్రిలో ఉండాలి. లేకపోతే అది తర్వాతి పేరుకి వెళ్ళిపోతుంది.

ఆసుపత్రిలో లిస్టు చూసే కోఆర్డినేటరు చిన్న వయసు అమ్మాయి. కన్నడం కలిసిన తెలుగులో, అక్క ఎంత దూరం పోవచ్చో మాకు లెక్క చెప్పింది. హిందూపురం సరే. పెనుకొండ దాకా ఫరవాలేదు. ఆ పైన వద్దు. మా అక్కేమైనా పెరోలు మీద బయటికొచ్చిన ఖైదీనా అని అడిగాను. ఆ అమ్మాయి నవ్వలేదు. ఫోన్ నంబరు రాయమంది.

మాకు ఫోను లేదు. దానికీ ఒక వెయిటింగ్ లిస్టే. మా ఇంటి ఎదురుగా శెట్టన్న కిరాణా అంగడి ఉంది. ఆయన నంబరు రాసి పక్కన పి.పి. అని పెట్టాం. ఆ రోజుల్లో మా ఊరి శుభలేఖల్లో సగం అలాగే ఉండేవి. పక్కింటి నంబరు, పక్కన పి.పి. ఫోను చేస్తే ఆ ఇంటివాళ్ళు వచ్చి మనల్ని పిలుస్తారని అర్థం.

నంబరు ఇచ్చినంత మాత్రాన సరిపోదు. మేము ఇంట్లో లేకపోతే? అందుకని గడప దాటితే చీటీ. అక్కతో ఎక్కడికెళ్ళినా అక్కడి ఫోన్ నంబరు ఒక కాగితం ముక్క మీద రాసి శెట్టన్నకిచ్చేదాన్ని. ఆయన దాన్ని బిల్లులు గుచ్చే కమ్మీకి గుచ్చేవాడు. గుడికెళ్తే గుడి పక్క ఎస్టీడీ బూతు నంబరు. పెళ్ళికెళ్తే కల్యాణ మండపం నంబరు. మీ యక్క టూరు ప్రోగ్రాం కలెక్టరు కంటే పక్కాగా ఉండాది అని శెట్టన్న ఎగతాళి చేసేవాడు.

అలా రెండేళ్ళు. అంగడిలో ఫోను మోగినప్పుడల్లా అక్క కుర్చీలోంచి సగం లేచేది. శెట్టన్న ఎవరితోనో చింతపండు ధర మాట్లాడుతున్నాడని తెలిశాక మళ్ళీ కూర్చునేది. నేను చూడనట్టు బియ్యం ఏరుకునేదాన్ని. అంతకంటే నేను చేయగలిగింది ఏమీ ఉండేది కాదు.

ఒకరోజు పొద్దున్నే అక్క తనంతట తాను అడిగింది.

"నాకొక పట్టుచీర కొనుక్కోవాలని ఉండాదే. ధర్మవరం పోయి, మగ్గం కాడ్నే చూసి కొనాల."

రెండేళ్ళలో అక్క రవికె గుడ్డ కూడా కొనుక్కోలేదు. దసరాకి చీర తెస్తానంటే కట్టుకునేదెవరు అనేసింది. అలాంటి మనిషి చీర అడిగింది. కాదనడానికి నాకు నోరు రాలేదు. నోరు రాకపోవడం నా విషయంలో చిన్న సంగతి కాదు.

పెనుకొండ దాటకూడదన్న ఆ నిబంధనను అన్నాళ్ళూ తిట్టాను కానీ ఒక్కసారి కూడా దాటలేదు. ఆ రోజు దాటాను. ధర్మవరంలో మాకు తెలిసిన ఇల్లు లేదు, ఇవ్వడానికి నంబరూ లేదు. ఉన్నమాట చెప్తే శెట్టన్న వెళ్ళనివ్వడు. అందుకని పెనుకొండ అని చెప్పి, అక్కతో పనిచేసిన మేరీ టీచరు ఇంటి నంబరు చీటీ మీద రాసిచ్చాను. మేరీ టీచరుకి ఈ సంగతి తెలియదు. అక్కకీ తెలియదు. రెండేళ్ళుగా రానిది ఈ ఒక్క రోజే వస్తుందా అని నాతో నేను వాదించుకుని, ఎప్పటిలాగే గెలిచాను.

ప్యాసింజరు రైలు పెనుకొండ దాటింది. అక్క కిటికీ దగ్గర కూర్చుని, కొత్త ఊరు చూస్తున్నట్టు చూస్తోంది. అదే దారిలో ఎన్నోసార్లు తిరిగిన మనిషే. 

ధర్మవరంలో ఫలానా అంగడి అని ఏమీ అనుకోలేదు. మగ్గాల చప్పుడు వినిపిస్తున్న ఒక వీధిలోకి తిరిగాం. పదిళ్ళు దాటేసరికి అక్కకి ఆయాసం వచ్చి, కనబడిన అరుగు మీద కూర్చుండిపోయింది. ఆ ఇంటావిడ చూసి లోపలికి పిలిచింది. నాలుగు మగ్గాలున్న ఇల్లు. యజమాని పెద్దాయన. హిందూపురం నుంచి వచ్చామని, అక్క టీచరని చెప్పాను. పేర్లు వాళ్ళడగలేదు, మేము చెప్పలేదు. నేను ఎప్పుడూ అక్కా అనే పిలుస్తాను, పేరు పెట్టి పిలవను. ఇది ఎన్నిసార్లు తలచుకున్నానో లెక్కలేదు.

ఆయన చీరలు పరిచాడు. ఇంటావిడ మజ్జిగ తెచ్చింది. అక్కకి రోజు మొత్తానికి రెండు గ్లాసుల నీళ్ళే లెక్క. పెదాలు తడుపుకుని గ్లాసు నాకిచ్చింది. ఆవపువ్వు రంగు చీర ఒకటి ఒళ్ళో పెట్టుకుని అంచు నిమురుతోంది.

అప్పుడు గూట్లో ఫోను మోగింది. పెద్దాయన తీశాడు. విని, రిసీవరు మీద చెయ్యి మూసి మా వైపు తిరిగాడు.

"సరళాదేవి అంటే మీలో ఎవురమ్మా? బెంగుళూరు ఆసుపత్రి నుంచంట."

అక్కని అందరూ సరళ అనే అంటారు. సరళాదేవి అని ఉండేది సర్టిఫికెట్లలో, ఆసుపత్రి ఫైలులో మాత్రమే. నేను వెళ్ళి అందుకున్నాను. ఆడగొంతు. మెల్లగా, తొందర లేకుండా మాట్లాడింది.

"ఆమెను పిల్చుకొని ఇప్పుడే బయల్దేరండమ్మా. ఎవురేమన్నా ఆడ్నే కూర్చోండి. లేసి పోవద్దండి."

అంతే, పెట్టేసింది. గోడ గడియారం పదకొండూ ఇరవై చూపిస్తోంది. రైలు టికెట్ వెనక ఆ టైము రాసుకున్నాను. ఆఫీసు అలవాటు. ఆ టికెట్ ఇప్పటికీ నా దగ్గరుంది.

ఈ ఇంటికి ఫోను ఎలా చేశారన్న ప్రశ్న ఆ క్షణంలో నాకు తట్టలేదు. నాలుగు గంటలు, నాలుగు గంటలు అన్న ఒక్క మాటే తలలో తిరుగుతోంది. పెద్దాయనే వీధి చివరికి పోయి కారు మాట్లాడుకొచ్చాడు. తన నంబరున్న కార్డు నా చేతిలో పెట్టాడు. చీర తర్వాత చూసుకుందాం పోండమ్మా అన్నాడు.

హైవే ఎక్కాక నేను కిలోమీటరు రాళ్ళు లెక్కపెడుతున్నాను. పెనుకొండ దాటాక అక్క అడిగింది.

"ఆ ఇంటి నంబరు శెట్టన్నకి ఎప్పుడిచ్చినావే?"

నాకు అప్పుడు తెలిసింది. మేము ఆ ఇంటికి వెళ్తామని మాకే తెలియదు. చీటీ మీదున్నది పెనుకొండ నంబరు. అబద్ధం చెప్పానని అక్కకి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. 

ఆసుపత్రి చేరేసరికి నాలుగు కావస్తోంది, గడువు దాటిపోయింది. కోఆర్డినేటరు అమ్మాయి మమ్మల్ని చూసి, ఇవాళ డయాలసిస్ లేదు కదా అంది. తాను ఫోను చేయలేదంది. ఎవరూ చేయలేదంది. రిజిస్టరు తీసి చూపించింది. ఆ రోజు పేజీలో ఒక్క అక్షరం లేదు.

వరండాలో నిలబడి అరిచాను. రోగులతో ఆటలా అన్నాను, పై అధికారికి రాస్తానన్నాను. జనం పోగయ్యారు. ఆ అమ్మాయి ఓపిగ్గా నా ముందే శెట్టన్నకి ఫోను చేసింది. పొద్దుటి నుంచి ఆసుపత్రి ఫోనేదీ రాలేదు, చీటీ కమ్మీకే ఉండాది అన్నాడు. మేరీ టీచరుకి చేసింది. ఆమెకి ఏమీ తెలియదు. కార్డు మీది నంబరుకి చేసింది. ఔను, ఫోను వచ్చింది, నేనే తీసినా అన్నాడు పెద్దాయన. ఆ అమ్మాయి రిసీవరు పెట్టేసి, మెత్తగా, ఎవరో తమాషా చేసి ఉంటారు, ఇంటికి వెళ్ళండి అంది.

"ఆ పిల్లనేమంటావులే పాపం. పోదాం పా" అని అక్క లేవబోయింది.

నేనూ సంచి అందుకున్నాను. ఎవురేమన్నా ఆడ్నే కూర్చోండి అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. కూర్చున్నాను. వాదించకుండా ఒకరు చెప్పిన మాట వినడం నాకు బహుశా అదే మొదలు. ఎంత చెప్పినా కదలకపోయేసరికి ఆ అమ్మాయి, ఎలాగూ రేపు డయాలసిస్ ఉంది కదా, ఒక మిషను ఖాళీగా ఉంది, ఇప్పుడే చేయించుకోండి అంది. జాలితో అందో, మా గొడవ వదిలించుకోవడానికి అందో తెలియదు.

ఎనిమిదవుతుండగా ఆమె దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చింది. మొహం పాలిపోయి ఉంది. పైన ఐసీయూలో ఒక కుర్రవాడు, బండి మీద నుంచి పడి తలకి దెబ్బ తగిలినవాడు. సాయంత్రం ఇంటివాళ్ళు ఒప్పుకున్నారు. ఓ గ్రూపు. మీరు ఇక్కడే ఉన్నారు, డయాలసిస్ కూడా అయిపోతోంది అంది. నా కళ్ళలోకి చూడలేదు.

తర్వాత ఆమెని అడిగి తెలుసుకున్నాను. ఆ పొద్దున పదకొండింటికి ఆ కుర్రవాడి తల్లి కుదరదని చెప్పేసింది, కొడుకు బతికే ఉన్నాడని డాక్టర్లతో పోట్లాడుతోంది. ఆ వేళకి ఆసుపత్రి నుంచి ఎవరూ ఎవరికీ ఫోను చేయాల్సిన అవసరం లేదు.

అక్కని లోపలికి తీసుకెళ్ళాక మెట్ల దగ్గర ఒకావిడ కనిపించింది. చేతిలో అబ్బాయి చెప్పులు. ఆమే ఆ తల్లి అని ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. ఫోనులో విన్నది ఆమె గొంతేనేమో అని పక్కన కూర్చున్నాను. ఆమె కన్నడంలో, మీవాళ్ళెవరు లోపలున్నారు అని అడిగింది. ఆ గొంతు కాదు. పొడిబారిన, కీచుమనే గొంతు. తెలుగు ముక్క రాదు. అక్క అన్నాను. బాగవుతుందిలే అని నా చెయ్యి నొక్కింది. ఎవరి కిడ్నీ ఎవరికో చెప్పకూడదని నిబంధన. నిబంధన లేకపోయినా ఏం చెప్పేదాన్ని? 

అక్కకి కిడ్నీ పట్టింది. ఏడాది తిరక్కుండా బడికి వెళ్ళింది.

నేను ఊరుకోలేదు. ధర్మవరం టెలిఫోను ఎక్స్ఛేంజికి వెళ్ళి, ఆ రోజు ఆ నంబరుకి ఎక్కడి నుంచి కాల్ వచ్చిందో చెప్పమన్నాను. చేసిన కాల్‌కి లెక్కుంటుంది, వచ్చిన కాల్‌కి ఉండదమ్మా అని గుమాస్తా నవ్వాడు. రైల్లో తెలిసినవాళ్ళెవరైనా చూశారేమో అనుకున్నాను. చూసినా ఆ ఇల్లెలా తెలుస్తుంది? మా అమ్మ ఇంటిదేవత అంటుంది. ఆఫీసులో క్రాస్ కనెక్షన్ అంటారు. ఫైలులోని పేరుతో సహా అడిగే క్రాస్ కనెక్షన్ ఉంటే నాకు చూపించమన్నాను.

ఇంతవరకైతే మంచే జరిగింది కదా అని వదిలేసేదాన్నేమో. కొన్ని నెలల తర్వాత చెకప్‌కి వెళ్ళినప్పుడు ఆ కోఆర్డినేటరు అమ్మాయి మాటల్లో నోరు జారింది. ఆ రోజు లిస్టులో అక్క రెండో పేరు. మొదటి పేరు ఒక మగమనిషిది. కూతుర్ని కాలేజీలో చేర్చడానికి వేరే ఊరు వెళ్ళాడు. ఆరు నుంచి ఎనిమిది దాకా ఆయన పి.పి. నంబరుకి చేస్తూనే ఉన్నారట. పక్కింటి వాళ్ళు తీసి, వాళ్ళెక్కడున్నారో తెలియదన్నారు. ఒక్క రోజే కదా అని ఆయనా నాలాగే తనతో తాను వాదించుకుని ఉంటాడు.

ఆయన పేరు అడిగాను. చెప్పకూడదంది. ఆయనకి తర్వాత దొరికిందా అని అడిగాను. ఆ అమ్మాయి రిజిస్టరు మూసి, అక్క మందులు టైముకి వేసుకుంటోందా అని అడిగింది. నేను ఇంకోసారి అడగలేదు.

ధర్మవరంలో మాకే తెలియని ఇంట్లో మమ్మల్ని వెతికి పట్టుకున్న ఆ గొంతుకి ఆయన ఎక్కడున్నాడో తెలియలేదా? తెలిసి కూడా చేయలేదా? ఎవరిని అడగాలి? ఇన్నేళ్ళుగా ఈ ప్రశ్న మోస్తున్నాను. కలెక్టరుతో వాదించాను, డాక్టర్లతో వాదించాను. దీని మీద వాదించడానికి ఎదురుగా మనిషే లేడు.

ఆ మొదటి పేరు సంగతి అక్కకి ఇంతవరకు చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.